ఎవరు ఆశించారు మేడమ్? చింతపిక్కలతో కై-స్క్వేర్ పరీక్ష

బోర్డు మీద రెండు నిలువు వరుసలు గీశాను. ఒకదాని నెత్తిన "పరిశీలించిన పౌనఃపున్యం" అనీ, రెండోదాని నెత్తిన "ఆశించిన పౌనఃపున్యం" అనీ రాశాను. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు, మధ్యాహ్నం క్లాసు, కిటికీలోంచి విశాఖ ఉప్పుగాలి. సగం మంది అప్పటికే కాలిక్యులేటర్లు బయటికి తీశారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది: "ఆశించిన అంటే, ఎవరు ఆశించారు మేడమ్?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల సిగ్గుపడి కూర్చోబోయింది. నేను చాక్‌పీసు కింద పెట్టేసి, ఆ రోజు ఎవరినీ లెక్క చెయ్యనివ్వలేదు. కై-స్క్వేర్ పరీక్ష అంటే, లెక్కపెడితే వచ్చినవి ఒక మాటకి సరిపోతున్నాయో లేదో తూచే పద్ధతి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే ఈ పరీక్ష ముప్పాతిక వంతు తెలిసినట్టే. తెలియకపోతే పట్టికలన్నీ కంఠతా వచ్చినా లాభం లేదు.

నేను చదువుకున్న రోజుల్లో నాకా ప్రశ్న తట్టలేదు. రెండో వరుస ప్రశ్నపత్రంలోనే ఉండేది, లేకపోతే మొత్తాన్ని గడుల సంఖ్యతో, అంటే ఎన్ని రకాల ఫలితాలుంటే అన్నిటితో, భాగించమనేవారు. తేడా తీసి, వర్గం చేసి, భాగించి, కూడి, పట్టికలోని అంకెతో పోల్చి, "శూన్య పరికల్పనను తిరస్కరిస్తున్నాం" అని రాసి కింద రెండు గీతలు గీస్తే మార్కులు పడేవి. దేన్ని తిరస్కరించావమ్మా అని ఎవరైనా అడిగి ఉంటే నిలబడిపోయేదాన్ని.

జవాబు ఇదీ. ఎవరో ఒక మాట అన్నారు. "ఈ పాచికకి ఆరు ముఖాలూ సమానమే" అని కావచ్చు, "బఠానీల్లో నాలుగింట మూడు నునుపు, ఒకటి ముడత" అని కావచ్చు. శూన్య పరికల్పన అంటే ఆ మాటే. ఆ మాట నిజమే అనుకుని, ఒక్కో గడిలో ఎన్ని పడాలో లెక్క కడతాం. అదే రెండో వరుస. అందులో మన కోరిక ఏమీ లేదు, ఆశించేది ఆ మాటే. అందుకే నేను క్లాసులో మొదటి వరుసని "వచ్చినవి" అనీ, రెండోదాన్ని "రావలసినవి" అనీ అంటాను. ఈ వ్యాసంలోనూ అంతే.

ఇక ఈ పరీక్షకున్న గుడ్‌నెస్ ఆఫ్ ఫిట్ అనే పేరులో "ఫిట్" ఉంది చూశారా, దానికి దర్జీ దుకాణంలో వాడే అర్థమే. ముందే కుట్టిపెట్టిన జాకెట్టు లాంటిది ఆ మాట. ఎదుట నిలబడ్డ ఒళ్ళు మన దగ్గరున్న లెక్క. నప్పిందా, ఎక్కడైనా బిగిసిందా, ఎక్కడ వదులైంది?

అష్టా చెమ్మా

ఎండాకాలం మొదట్లో పాడేరు వైపు నుంచి కొత్త చింతపండు దిగుతుంది. పూర్ణా మార్కెట్లో కొనుక్కొచ్చి, పిక్కలు తీసి, ఉప్పేసి జాడీకి ఎత్తడం ఇంటిల్లపాదికీ పని. ఆ పిక్కల్లోంచి నాలుగు మంచివి ఏరి, ఒక పక్క గచ్చు మీద తెల్లగా తేలేదాకా అరగదీస్తే ఆటకి సరంజామా సిద్ధం. మా ఇంట్లో నియమం ఇది: తెలుపు పైకి పడ్డవి ఒకటైతే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు. నాలుగూ తెలుపైతే చెమ్మ, అంటే నాలుగు. ఒక్కటీ తెలుపు లేకపోతే అష్ట, అంటే ఎనిమిది. అష్టకీ చెమ్మకీ మళ్ళీ వేసుకోవచ్చు, కాబట్టి పోట్లాటలన్నీ ఆ రెండు పందేల చుట్టూనే. "నీ పిక్కలకి అష్టలు ఎక్కువ పడుతున్నాయి, మార్చు" అని మా పెద్దమ్మ అన్నదంటే అది నా దృష్టిలో సాంఖ్యక శాస్త్రమే.

ఆ పోట్లాటని పరీక్షకి పెడదాం. మాట: ప్రతి పిక్కా తెలుపు పైకి పడటానికీ నలుపు పైకి పడటానికీ సమాన అవకాశం. ఒక పిక్క ఎలా పడిందో ఇంకో పిక్కకి సంబంధం లేదు. నాలుగు పిక్కలు పడే తీరులు మొత్తం 16. అందులో అష్టకి ఒకటి, ఒకటికి నాలుగు, రెండుకి ఆరు, మూడుకి నాలుగు, చెమ్మకి ఒకటి. 160 పందేలు వేస్తే రావలసినవి వరసగా 10, 40, 60, 40, 10. గమనించండి, ఇక్కడ గడులు సమానం కావు. రావలసినవి అన్నీ సమానంగా ఉండాలని పిల్లలు చాలామంది అనుకుంటారు. పుస్తకంలో మొదటి ఉదాహరణ ఎప్పుడూ పాచిక కావడం వల్ల పడే ముద్ర అది.

160 సార్లు వేశామనీ, లెక్క ఇలా వచ్చిందనీ అనుకుందాం:

అష్ట: వచ్చినవి 17, రావలసినవి 10
ఒకటి: వచ్చినవి 48, రావలసినవి 40
రెండు: వచ్చినవి 55, రావలసినవి 60
మూడు: వచ్చినవి 30, రావలసినవి 40
చెమ్మ: వచ్చినవి 10, రావలసినవి 10

ప్రతి గడిలో తేడా తీసి, వర్గం చేసి, రావలసినదానితో భాగిస్తాం. అష్ట గడిలో తేడా 7, వర్గం 49, పదితో భాగిస్తే 4.9. తక్కిన గడుల్లో 1.6, 0.42, 2.5, 0. అన్నీ కూడితే 9.42. ఇదే కై-స్క్వేర్.

మూడు గడిలో తేడా 10, అష్ట గడిలో తేడా 7. అయినా అష్టే ఎక్కువ బరువు తూగింది. పది రావలసిన చోట పదిహేడు రావడం, నలభై రావలసిన చోట ముప్పై రావడం కన్నా పెద్ద వింత కదా. భాగహారం చేసే పని అదే. కూరగాయల దుకాణంలో అరకిలో తేడా అంటే ఊరుకోం, సిమెంటు లారీలో అరకిలో తేడాని ఎవరూ చూడరు.

ఇంకాస్త లోతుకి వెళ్తే చాలా అందమైన సంగతి ఉంది. పాఠ్యపుస్తకాలు దీన్ని ఎందుకు దాటేస్తాయో నాకు అర్థం కాదు. మాట నిజమైతే ఒక గడి ఈ మొత్తానికి సగటున ఎంత కలుపుతుందో గణితం చెబుతుంది: ఒకటిలోంచి ఆ గడి సంభావ్యత తీసేయగా మిగిలినంత. అష్ట గడి సంభావ్యత పదహారో వంతు కాబట్టి అది సగటున పదహారింట పదిహేను వంతులు కలుపుతుంది. అయిదు గడులవీ కూడితే అయిదు ఒకట్లలోంచి అన్ని సంభావ్యతల మొత్తం, అంటే 1, పోతుంది. మిగిలేది 4. పిక్కలు న్యాయంగా పడుతుంటే కై-స్క్వేర్ సగటున 4 రావాలన్నమాట. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని పేరు పెట్టి, "గడుల సంఖ్యలోంచి ఒకటి తీసెయ్" అని బట్టీ పట్టించేది ఈ నాలుగునే. నాలుగు గడుల్లో ఎన్ని పడ్డాయో చెబితే అయిదోది మొత్తం 160 నుంచి దానంతటదే వస్తుంది, దానికి స్వేచ్ఛ లేదు అనేది అదే సంగతికి ఇంకో వైపు.

సగటు 4, మనకు వచ్చింది 9.42. ఎక్కువే. మరీ ఎక్కువా?

గీత దగ్గర

నాలుగు డిగ్రీలకి, నూటికి అయిదు హద్దు దగ్గర, అంటే మాట నిజమైనా నూటికి అయిదు సార్లు దాటే చోట, పట్టికలో ఉండే అంకె 9.488. మనది 9.42. గీతకి వెంట్రుకవాసి ఇవతల ఆగాం. ఈ అంకెలు కావాలనే ఇలా వేశాను. గీత అవతల పడితే "తేడా ఉంది", ఇవతల పడితే "తేడా లేదు" అని రాసే అలవాటు ఎంత పెళుసుగా ఉంటుందో ఇక్కడ కనిపిస్తుంది. ఒక్క పందెం అష్ట వైపు ఒరిగి ఉంటే ఇదే పరీక్ష "న్యాయం కాదు" అనేది.

పీ-విలువ 0.051 వస్తుంది. దీని అర్థాన్ని నిదానంగా చదవాలి: పిక్కలు నిజంగా న్యాయమైనవే అయితే, ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ కేవలం పడే తీరు వల్ల కనబడే అవకాశం నూటికి అయిదుకు కాస్త పైన. పిక్కలు న్యాయమైనవయ్యే అవకాశం అయిదు శాతం అని చదివితే తప్పు. మొదటిది "మాట నిజమైతే" అన్న చోట మొదలవుతుంది. రెండోది ఆ మాటకే మార్కులు వేస్తుంది. ఈ పరీక్షకి ఆ మార్కులు వేసే శక్తి లేదు.

కాబట్టి జవాబు పత్రంలో "పిక్కలు న్యాయమైనవని రుజువైంది" అని కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తాను. 160 పందేలు ఆ మాటని కాదనలేకపోయాయి, అంతే. ఇంకో మాట అని ఉంటే దాన్నీ కాదనలేకపోయేవేమో. కాసేపట్లో చూద్దాం.

అదే లెక్క, వేరే ప్రశ్న

ముందు ఇది చూడండి. పందేల సంగతి వదిలేసి పిక్కల్నే లెక్కపెడదాం. 160 పందేలంటే 640 పిక్కలు. తెలుపు ఎన్ని? 48కి, రెండు చొప్పున 55కి, మూడు చొప్పున 30కి, నాలుగు చొప్పున 10కి కూడితే 288. నలుపు 352. రావలసినవి చెరి 320. తేడా 32, వర్గం 1024, భాగిస్తే ఒక్కో గడికి 3.2. కై-స్క్వేర్ 6.4, డిగ్రీ ఒకటే, హద్దు 3.841. ఈసారి గీత దాటి చాలా దూరం వెళ్ళిపోయాం.

అవే పిక్కలు, అవే పందేలు, అదే మాట. అయిదు గడుల్లో పోస్తే కాదనలేకపోయాం, రెండు గడుల్లో పోస్తే గట్టిగా కాదన్నాం. పిల్లలు ఇక్కడ గోల చేస్తారు, చెయ్యాలి కూడా. ఏది నిజం?

రెండూ సరైన లెక్కలే, అడిగిన ప్రశ్నలు వేరు. అయిదు గడుల పరీక్ష "ఎక్కడైనా, ఏ రకంగానైనా తేడా ఉందా" అని నాలుగు దిక్కులా వెతుకుతుంది, దాంతో చూపు పలచబడుతుంది. రెండు గడుల పరీక్ష ఒకే దిక్కు చూస్తుంది: పిక్క ఒక పక్కకి మొగ్గుతోందా. తేడా ఆ దిక్కునే ఉంటే ఇది ముందు పట్టుకుంటుంది.

అయితే నేను ఇప్పుడు చేసింది ఒప్పుకోకూడని పని. అయిదు గడుల లెక్క చూశాక, తెలుపు తగ్గినట్టు కంటికి కనబడ్డాక, రెండు గడుల ప్రశ్న వేశాను. జవాబు చూసి ప్రశ్న ఎంచుకోవడం అది. ఏ గడులు, ఎన్ని గడులు అనేది పిక్కలు చేతిలోకి తీసుకోకముందే నిర్ణయించుకోవాలి. అప్పుడే హద్దు దగ్గరి "నూటికి అయిదు"కి ఆ అర్థం ఉంటుంది.

ఒంటి కొలత తీసుకుని కుట్టిన జాకెట్టు

ఇప్పుడు మాట మారుద్దాం. "పిక్కలు సమానంగా పడవు, సరే. కానీ నాలుగూ ఒకే అవకాశంతో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడతాయి." ఆ అవకాశం ఎంతో ఈ మాట చెప్పడం లేదు. కాబట్టి లెక్కలోంచే తీసుకుంటాం: 640లో 288, అంటే 0.45. దాంతో రావలసినవి మళ్ళీ కడితే అష్ట 14.64, ఒకటి 47.92, రెండు 58.81, మూడు 32.08, చెమ్మ 6.56. ఈసారి కై-స్క్వేర్ 2.56. చక్కగా నప్పింది.

నప్పదా మరి! వేరేవాళ్ళ ఆది జాకెట్టుతో కుట్టినది మీకు సరిపోతే ఆశ్చర్యపడాలి. మీ ఒంటి కొలత తీసుకుని కుట్టినది సరిపోతే అందులో కొంత గొప్ప ఆ కొలతదే. ఆ గొప్పని లెక్కలోంచి తగ్గించాలి. అందుకే లెక్కలోంచి అంచనా వేసుకున్న ప్రతి విలువకీ ఇంకో డిగ్రీ పోతుంది. అయిదు గడుల్లోంచి మొత్తానికి ఒకటి, 0.45కి ఒకటి, మిగిలేవి మూడు. హద్దు 7.815. మన 2.56 దానికి చాలా కిందే ఉంది, పీ-విలువ 0.46.

ఒకసారి వెనక్కి చూడండి. ఒక డిగ్రీతో 6.4, మూడు డిగ్రీలతో 2.56, రెండూ కూడితే 8.96. మొదట నాలుగు డిగ్రీలతో వచ్చింది 9.42. కచ్చితంగా సరిపోలేదు గానీ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి పరీక్షలోని నాలుగు దిక్కుల్లో ఒకటి "మొగ్గు ఉందా" అనే దిక్కు, మిగతా మూడు "మొగ్గు పోగా ఇంకేమైనా తేడా ఉందా" అనేవి. తేడాలో ఎక్కువ భాగం మొదటి దిక్కునే ఉందని ఇప్పుడు తెలిసింది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది ఈ కూడిక చేసిన రోజునే.

ఈ ఒక్క డిగ్రీ పోవడం గురించి పెద్దలే ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. కార్ల్ పియర్సన్ ఈ పరీక్షని 1900లో ప్రకటించాడు. లెక్కలోంచి విలువలు అంచనా వేసినా పెద్ద తేడా రాదని ఆయన నమ్మాడు. 1922లో రొనాల్డ్ ఫిషర్, అప్పటికి కుర్రవాడు, అంచనా వేసిన ప్రతిదానికీ ఒకటి తగ్గించాల్సిందేనని చూపించాడు. పియర్సన్ ఒప్పుకోలేదు. ఈ రోజు మనం వాడేది ఫిషర్ లెక్కే. ఎక్సెల్‌లో కై-స్క్వేర్ పరీక్షకి ఒక ఫంక్షన్ ఉంది. రెండు వరుసలూ చూపిస్తే పీ-విలువ చేతికిస్తుంది గానీ, రెండో వరుసని మీరు మొదటి వరుసలోంచే కుట్టారన్న సంగతి దానికి తెలియదు. గడుల్లోంచి ఒకటి మాత్రమే తీసేస్తుంది. ఆ లెక్క మీరే చూసుకోవాలి.

ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసినవారిలో మన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు ఒకరు. ఆయన గణితంలో పోస్ట్‌గ్రాడ్యుయేషన్ చేసింది ఇక్కడే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 1941లో కలకత్తా వెళ్ళి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష ఈ కథకి చాలా దగ్గరిది. ఆ పరీక్షని గడుల లెక్కకి అన్వయిస్తే తేలేది సరిగ్గా పియర్సన్ కై-స్క్వేరే. 2023లో ఆయనకి అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి వచ్చింది, అదే ఏడు ఆగస్టులో నూట రెండేళ్ళ వయసులో కన్నుమూశారు. ఈ ఊళ్ళో ఈ పాఠం చెబుతూ ఆయన పేరు తలవకుండా దాటెయ్యడం నాకు చేతకాదు.

మరీ తక్కువ, మరీ ఎక్కువ

160 బదులు 40 పందేలే వేస్తే అష్టకీ చెమ్మకీ రావలసినవి రెండున్నర చొప్పున. అలాంటి చోట పట్టికలోని హద్దులు సరిగా పనిచెయ్యవు, ఎందుకంటే ఆ పట్టిక నున్నటి వక్రరేఖ మీద కట్టింది, మన లెక్క మెట్లు మెట్లుగా ఉంటుంది. ప్రతి గడిలో రావలసినవి కనీసం అయిదు ఉండాలనే నియమం అందుకే పుట్టింది. వచ్చినవి అయిదు ఉండాలని చాలామంది పొరబడతారు. వచ్చినది సున్నా అయినా ఫరవాలేదు, చూడాల్సింది రెండో వరుసనే. తక్కువైతే గడులు కలపాలి, అదీ అర్థం ఉండేలా. అష్టనీ చెమ్మనీ కలిపి "మళ్ళీ వేసుకునే పందేలు" అంటే ఆట తెలిసినవాళ్ళకి అది నిజమైన గడి, రావలసినవీ అయిదవుతాయి.

రెండో కొసన వెల్డన్ ఉన్నాడు. పియర్సన్ స్నేహితుడు, జంతుశాస్త్రవేత్త. పన్నెండు పాచికలు 26,306 సార్లు వేయించి లెక్క రాశాడు. పియర్సన్ తన 1900 వ్యాసంలో ఆ లెక్కలే ఉదాహరణగా తీసుకున్నాడు. మొత్తం 3,15,672 పాచికల్లో అయిదు గానీ ఆరు గానీ పడ్డవి 1,06,602. పాచిక న్యాయమైనదైతే మూడో వంతు, అంటే 1,05,224 రావాలి. రెండు గడుల కై-స్క్వేర్ 27 దాటుతుంది, హద్దు 3.841 మాత్రమే. అంటే ఆ పాచికలు న్యాయమైనవి కావు, సందేహం లేదు. కానీ ఎంత? వెయ్యికి 333 రావలసిన చోట 338. చుక్కల కోసం తొలిచిన గుంటల వల్ల ఆ ముఖాలు తేలికవుతాయని సాధారణంగా చెప్పే కారణం. తేడా ఉందనడంలో పరీక్ష తప్పు చెప్పలేదు. ఆ తేడా వైకుంఠపాళి ఆడేవాళ్ళకి పట్టనంత చిన్నదని అది చెప్పలేదు, దాని పని కాదు కూడా. మన పిక్కల లెక్కే చూడండి: అవే నిష్పత్తులతో 320 పందేలు వేసి ఉంటే కై-స్క్వేర్ సరిగ్గా రెట్టింపై 18.83 అయ్యేది, గీత గురించి తర్జనభర్జన ఉండేదే కాదు. శాతాలు గడుల్లో పెట్టి లెక్క చెయ్యకూడదనేది ఇందుకే. శాతంగా మార్చగానే ఎన్నిసార్లు వేశామన్న సంగతి చెరిగిపోతుంది.

బీచ్ రోడ్డు లెక్క

ఒక బృందం ప్రాజెక్టు కోసం ఆర్కే బీచ్‌కి బయల్దేరిందనుకోండి. జనం ముంత మసాలా, కాల్చిన మొక్కజొన్న పొత్తు, మిరపకాయ బజ్జీ మూడూ సమానంగా కొంటారా? 120 మందిని లెక్కపెడితే 55, 40, 25. రావలసినవి నలభై చొప్పున. కై-స్క్వేర్ 11.25, రెండు డిగ్రీలకి హద్దు 5.991. సమానం కాదని తేల్చేశారు.

"వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారా?" అని అడగాలి. అయిదుగురేసి కుటుంబాలుగా వచ్చి, ఇంటిపెద్ద ఏది కొంటే అదే అందరూ తిన్నారనుకోండి. అప్పుడు నిర్ణయాలు 120 కావు, 24. కుటుంబాల లెక్కన 11, 8, 5. కై-స్క్వేర్ 2.25. హద్దుకి సగం కూడా లేదు. అయిదుగురిని అయిదు సాక్ష్యాలుగా లెక్కపెట్టినందుకు అంకె సరిగ్గా అయిదింతలు ఉబ్బింది. నేను చూసే తప్పుల్లో ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే కాగితం మీద లెక్కంతా నిర్దోషంగా ఉంటుంది. మార్కులు వేసేవారికి కూడా కనబడదు. బీచ్‌కి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది.

అదే బీచ్ మీద ఇంకో రకం ప్రాజెక్టు కూడా వస్తుంటుంది: వారంలో ఏడు రోజులూ జనం సమానంగా వస్తారా. ఆదివారం సాయంత్రం అక్కడ కాలు పెట్టే చోటుండదని ఈ ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. ఎవరూ అనని మాటని రెండో వరుసలో రాసి, దాన్ని కొట్టేసి, చిన్న పీ-విలువ చూసి మురిసిపోతే తెలిసిందేమిటి? ఆ పిల్లల్ని నేను నిరుత్సాహపరచను, మాట మార్చమంటాను. పోయిన ఏడాది ఇదే నెలలో వారంలోని ఏడు రోజుల మధ్య ఉన్న నిష్పత్తులే ఈ ఏడాదీ ఉన్నాయా అని అడిగితే, అది కాదనదగ్గ మాట అవుతుంది. అయితే ఆ పాత నిష్పత్తులు కూడా కొద్ది రోజుల లెక్కలోంచే వచ్చి ఉంటే, రావలసినవాటిలోనే తడబాటు ఉంటుంది. అప్పుడు రెండేళ్ళ లెక్కనీ పక్కపక్కన పెట్టి పోల్చే వేరే పరీక్ష కావాలి, అదీ కై-స్క్వేరే గానీ ఈ రకం కాదు.

ఇంకో గుడ్డితనం కూడా ఉంది, చిన్నది. గడుల్లో పోసేశాక ఏది ముందు పడిందో ఏది తర్వాత పడిందో ఈ పరీక్షకి కనబడదు. మొదటి ఎనభై పందేల్లో ఒక్క అష్టా లేకుండా, పదిహేడూ చివర్లోనే పడినా కై-స్క్వేర్ 9.42నే. పిక్క మధ్యలో పగిలిందేమో చూడాల్సింది మనమే.

మరీ బాగా నప్పితే

గ్రెగర్ మెండెల్ 1866లో ప్రచురించిన బఠానీల లెక్కల్లో 556 గింజలున్నాయి: నునుపు పసుపు 315, నునుపు ఆకుపచ్చ 108, ముడత పసుపు 101, ముడత ఆకుపచ్చ 32. ఆయన మాట ప్రకారం 9, 3, 3, 1 నిష్పత్తిలో పడాలి, అంటే 312.75, 104.25, 104.25, 34.75. కై-స్క్వేర్ 0.47. మూడు డిగ్రీలకి సగటున రావలసింది 3. అద్భుతంగా నప్పింది. ఒక్క ప్రయోగంలో ఇలా నప్పితే అదృష్టం అనుకుని ఊరుకుంటాం.

1936లో ఫిషర్ మెండెల్ ప్రయోగాలన్నీ ఒక్కచోట చేర్చి కూడాడు. మొత్తం 84 డిగ్రీలు, సగటున 84 రావాలి. వచ్చింది 41.6. నిజాయితీగా పడిన గింజలు ఇంత తక్కువ తడబాటుతో పడే అవకాశం పదివేలకి ఒకటి కన్నా తక్కువ. మెండెల్ సిద్ధాంతం తప్పని దీని అర్థం కాదు, ఆ సిద్ధాంతం నిలబడింది. ఏం రావాలో ముందే బాగా తెలిసిన సహాయకుడెవరో లెక్కల మీద చెయ్యి వేసి ఉంటాడని ఫిషర్ అనుమానించాడు. దాని మీద వాదనలు చాలాకాలం నడిచాయి.

ఈ కథ చెప్పినప్పుడు నాకు ఆ వెనక బెంచీ అమ్మాయే గుర్తొస్తుంది. ఎవరు ఆశించారన్నదానికి ఇక్కడ ఇంకో జవాబు ఉంది. రెండో వరుసని ఆశించిన మనిషే మొదటి వరుసని లెక్కపెడుతుంటే, ముడతా నునుపా తేలని గింజ ఎటు వెళ్తుందో ఊహించవచ్చు. అరిగీ అరగని పిక్క పక్కకి ఒరిగి పడినప్పుడు మేమూ అంతే కదా, "అది తెలుపే" అనేవాళ్ళం, ఎవరికి చెమ్మ కావాలో వాళ్ళం.

అందుకని మర్నాడు క్లాసులో పని పంచుకున్నాం. కొత్త 160 పందేలు. వెయ్యకముందే ఒక కాగితం మీద రాశాం: గడులు రెండే, తెలుపు నలుపు. మాట, సగం సగం. హద్దు 3.841. పక్కకి ఒరిగినది పడితే ఆ పందెం మొత్తం మళ్ళీ వెయ్యాలి. వేసేవాళ్ళు ఇద్దరు, పిలిచి చెప్పేవాళ్ళు ఒకరు, రాసేవాళ్ళు ఇంకొకరు. కూడేది మాత్రం ఆ కాగితం చూడని పిల్ల. కాగితాన్ని మడిచి డస్టరు కింద పెట్టి, పిక్కలు ఆ వెనక బెంచీ అమ్మాయి చేతికిచ్చాను.